చంద్రబింబపు అంచును చూసిన చిత్రకారుడు

సభాధ్యక్షులకు, ఈ చిత్రప్రదర్శనను ఏర్పాటు చేసిన నిర్వాహకులకు, సభాసదులకు నమస్కారాలు. అంతరిక్షయానం గురించి గతకాలం కన్న కలల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఫిరంగి గుండులో కూర్చుని చంద్రుడి మీదికి వెళ్లే కథల దగ్గర మొదలుపెట్టి, చక్రంలా తిరిగే అంతరిక్ష కేంద్రం దాకా వరసగా చెప్పాలని కాగితాలు కూడా రాసుకుని వచ్చాను. అయితే ఇందాక లోపలి గదిలో బొమ్మలు చూస్తూ తిరుగుతుండగా, సూదుల్లాంటి శిఖరాలతో ఉన్న ఒక చంద్రతల చిత్రం కింద అతికించిన చిన్న చీటీ నా కంటపడింది. దాని మీద "ఈ చిత్రం శాస్త్రీయంగా సరైనది కాదు" అని మాత్రమే ఉంది. ఆ చీటీ చదివాక నేను రాసుకున్న వరస నాకే అక్కరలేదనిపించింది. కనుక ఈ గంటా చంద్రుడి కొండల గురించే మాట్లాడతాను, మన్నించండి.

ఆ కొండలను అంత పదునుగా ఎందుకు గీశారు? దాని వెనక ఉన్నది గట్టి తర్కమే. చంద్రుడి మీద గాలి లేదు, వాన లేదు, ఏరు లేదు. భూమి మీద కొండలను అరగదీసేవి ఇవే గనుక, ఇవేవీ లేనిచోట కొండ పుట్టినప్పుడు ఎంత పదునుగా ఉందో నేటికీ అంత పదునుగానే ఉండాలని అనుకున్నారు. ఆవిరి సుత్తిని రూపొందించిన ఇంజనీరు జేమ్స్ నాస్మిత్, జేమ్స్ కార్పెంటర్‌తో కలిసి 1874లో చంద్రుడి మీద ఒక పుస్తకం వెలువరించారు. టెలిస్కోపులో ఏళ్ల తరబడి చూసి గీసుకున్న బొమ్మలను బట్టి ప్లాస్టరుతో చంద్రతలపు నమూనాలు చేసి, వాటిని ఎండలో పెట్టి ఫొటోలు తీయించారు. ఆ ఫొటోల్లోనూ కొండలు నిటారుగా ఉంటాయి. అంత ఓపికగా చూసిన మనిషి కంటికి కూడా అలాగే ఎందుకు కనిపించాయి?

కారణం నీడ. చంద్రుడి మీద కొండలు స్పష్టంగా కనిపించేది పగలూ రాత్రీ కలిసే సరిహద్దు దగ్గర. అక్కడ సూర్యుడు నేలను ఒరుసుకుంటున్నట్టు ఉంటాడు. సూర్యుడు 5 డిగ్రీల ఎత్తున ఉంటే చదును నేల మీద ఏ వస్తువు నీడైనా దాని ఎత్తుకు 11 రెట్లకు పైగా సాగుతుంది. గుండ్రటి గులకరాయి నీడ కూడా అప్పుడు కోసుగా, బల్లెంలా పడుతుంది. కావాలంటే ఇంటికి వెళ్లాక గది చీకటి చేసి, గోడకు పక్కవాటుగా టార్చి పట్టి చూడండి. మీరు నున్నగా ఉందనుకునే గోడ పర్వతశ్రేణిలా లేచి నిలబడుతుంది. నీడల పొడవును బట్టి కొండ ఎత్తును ఖగోళ శాస్త్రజ్ఞులు చక్కగానే లెక్కకట్టారు. ఎత్తు లెక్కకు దొరికింది గాని, వాలు మాత్రం కంటిని మోసం చేసింది.

మోసపోని వ్యక్తి ఒకరున్నారు. ఆయన పేరు ఈ ప్రదర్శనలో ఎక్కడా లేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. లూసియన్ రూడో 1874లో జన్మించిన ఫ్రెంచి చిత్రకారుడు, ఖగోళ పరిశీలకుడు. నార్మండీలో సొంత వేధశాల కట్టుకుని ఆకాశాన్ని చూసేవారు. ఆయన నీడలను నమ్ముకోలేదు. చంద్రబింబపు అంచును చూశారు. అంచున కొండ మన వైపు పక్కకు తిరిగి నిలబడినట్టు ఉంటుంది. వెనక నల్లటి ఆకాశం, ముందు వెలుగుతున్న కొండ గీత. నీడ ఆడించే ఆటకు అక్కడ చోటు లేదు. ఆ గీత మెల్లగా లేచి మెల్లగా దిగే వాలు అని ఆయన గమనించి, గుండ్రని గుట్టలతో, అరిగిన వాలులతో చంద్రుణ్ణి గీశారు. ఇతర లోకాలను గురించి ఆయన రాసి, బొమ్మలు వేసిన పుస్తకం 1937లో వచ్చింది. అపోలో 11 చంద్రుడి మీద దిగడానికి అది 32 ఏళ్ల ముందు మాట! 1971 జూలైలో అపోలో 15 యాత్రికులు హ్యాడ్లీ పర్వతం దగ్గర దిగారు. చుట్టూ ఉన్న మైదానం నుంచి 4 కిలోమీటర్లకు పైగా లేచిన కొండ అది. అయినా వాళ్లు అక్కడ తీసిన ఫొటోల్లో కోసుగా ఉన్న శిఖరం ఒక్కటీ లేదు. గాలీ వానా లేకపోయినా, కోట్ల ఏళ్లుగా పడుతున్న ఉల్కలూ, ఇసుక రేణువంత చిన్న ఉల్కాకణాలూ చంద్రుడి కొండలను నూరి గుండ్రం చేశాయి. ఆ తర్కంలో లేకుండా పోయింది అదొక్కటే.

ఇలా చెబితే అంతరిక్ష దృశ్యాలు గీసిన అమెరికన్ చిత్రకారుడు చెస్లీ బోనెస్టెల్‌ను నేను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. ఆయన 17 ఏళ్ల వయసులో, 1905లో, కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలకు వెళ్లి టెలిస్కోపులో శనిగ్రహాన్ని చూసి, తిరిగి వచ్చి దాన్ని చిత్రించారు. ఆ చిత్రం మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వెంట వచ్చిన మంటల్లో కాలిపోయింది. 1944 మే 29 నాటి లైఫ్ పత్రికలో శని ఉపగ్రహమైన టైటన్ మీద నిలబడి చూస్తే శని ఎలా ఉంటుందో ఆయన చూపించారు. టైటన్ మీద దట్టమైన నారింజరంగు పొగమంచు ఉందనీ, అక్కడి నేల మీద నుంచి మన కళ్లకు శని కనిపించదనీ 1980లో వాయేజర్ 1 వ్యోమనౌక తీసిన ఫొటోలతో గాని తేలలేదు. ఆయన చంద్రుడి కొండలూ పదునైనవే. బోస్టన్ విజ్ఞాన ప్రదర్శనశాలలో 40 అడుగుల పొడవున ఆయన వేసిన చంద్రతల చిత్రాన్ని 1970లో దించేశారు. అది తరువాత స్మిత్సోనియన్ సంస్థకు చేరింది గనుక బతికింది.

అన్నీ అలా బతకవు. సుమారు ముప్పై ఏళ్ల కిందట నేను ఒక విజ్ఞాన ప్రదర్శనశాలలో సందర్శకులకు వివరాలు చెప్పే ఉద్యోగం చేసేవాణ్ణి. అక్కడ ఒక గోడ నిండా పాతకాలపు చంద్రయానపు బొమ్మ ఉండేది. సూదికొండలు, తోక మీద నిలబడ్డ రాకెట్టు, నల్లటి ఆకాశంలో మేఘం మచ్చుకైనా లేని నీలిరంగు భూమి. వేసినవారి సంతకం లేదు. గదికి కొత్త రంగులు వేయించే సందర్భంలో ఆ బొమ్మలో తప్పులేమిటో రాసి ఇమ్మని పై అధికారి నన్ను అడిగారు. నేను తొమ్మిది తప్పులు రాసి ఇచ్చాను. వాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. వారం తిరిగేసరికి ఆ గోడకు తెల్లరంగు పూయించారు. పిల్లలకు తప్పు నేర్పకూడదన్నారు. నేను కూడా తలూపాను. చిత్రకారుడు ఎవరని గాని, ఏ సంవత్సరంలో వేశాడని గాని, అప్పటికి మనిషికి చంద్రుడి గురించి ఎంత తెలుసునని గాని మాలో ఎవరమూ అడగలేదు. ఆ బొమ్మకు ఒక్క ఫొటో కూడా తీయలేదు. ఈ మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మీలో ఎవరికైనా ఏ గోడ మీదో, ఏ గిడ్డంగిలోనో ఇలాంటి బొమ్మ ఉన్నట్టు తెలిస్తే, దయచేసి ముందు ఒక ఫొటో తీసి ఉంచండి. మిగతా సంగతి తరువాత చూద్దాం.

మేం తెల్లరంగు పూయించిన ఆ గదిలో పడమటి కిటికీ గోడకు ఎదురుగా ఉండేది కాదు. పక్కన, గోడను ఆనుకున్నట్టే ఉండేది. రంగు ఆరిన రెండు రోజులకు, సందర్శకులంతా వెళ్లిపోయాక, సాయంత్రపు ఎండ ఆ కిటికీలోంచి గోడను ఒరుసుకుంటూ పడింది. చిత్రకారుడు శిఖరాల దగ్గర రంగును మందంగా పెట్టినట్టున్నాడు. తెల్లపూత కింద నుంచి ఆ గట్లు ఒక్కొక్కటే నీడలు చాచి లేచాయి. కొండలు బొమ్మలో ఉన్నదానికన్నా కోసుగా, పొడుగ్గా కనిపించాయి. దగ్గరికి వెళ్లి చేత్తో తడిమి చూశాను. వేళ్లకు తగిలింది బియ్యపుగింజంత ఎత్తు కూడా లేదు, అంచులు గుండ్రంగా ఉన్నాయి.

నిర్వాహకులకు నా విన్నపం. ఆ చీటీని తీసేయమని అడగను. దాని కింద మరికొంత చోటు ఇవ్వండి: ఆ చిత్రకారుడి కాలానికి ఏ సాధనంతో ఎంత తెలిసిందో, ఎక్కడి నుంచి ఊహించవలసి వచ్చిందో అక్కడ రాయాలి. పక్కనే రూడో చిత్రం నకలు ఒకటి పెట్టాలి. రేపు మీరు తలుపులు తీసేలోగా ఆ వాక్యాలు రాసి తెచ్చి ఇస్తాను. సెలవు.