గుంటూరులో హీలియం కనిపెట్టారా? ఆగస్టు 18 ఫార్వర్డ్ సంగతి

నమస్కారం. ఆగస్టు వచ్చిందంటే నా ఫోన్‌కి ఒక ఫార్వర్డ్ ఖాయం. 1868 ఆగస్టు 18న మన గుంటూరులో హీలియం కనిపెట్టారు, కాబట్టి తెలుగువాళ్ళంతా గర్వపడాలి అని. మొన్న మా బాబాయి కూడా పంపారు, కింద మూడు దండాలు పెట్టి. 2018లో 150 ఏళ్ళు నిండినప్పుడైతే ఇంక చెప్పక్కర్లేదు. గర్వపడటానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ అందులో తేదీ తప్పు, విషయమూ తప్పు. ఊరొక్కటే కరెక్టు.

[స్క్రీన్ మీద: గ్రహణం, అంచున ఎర్రటి జ్వాలలు]

ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జూల్స్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి, అక్కడే ఉంటున్న ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంట్లో దిగారు. బ్రిటిష్ వాళ్ళ బృందం ఒకటి కూడా గుంటూరులోనే ఉంది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళారు. అందరి ధ్యాసా ఒకటే: గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి అంచున ఎర్రగా లేచే ఆ జ్వాలలు ఏమిటి? వెలుగుని రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్ పెట్టి చూస్తే రంగుల పట్టీ బదులు విడివిడిగా మెరిసే గీతలు కనబడ్డాయి. అంటే అది వేడెక్కి వెలుగుతున్న వాయువు, అందులో ముఖ్యంగా హైడ్రోజన్.

ఇక్కడ జాన్సెన్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఈ గీతలు ఇంత గట్టిగా మెరుస్తుంటే గ్రహణం లేకపోయినా కనబడాలి కదా అని.

ఎలా అంటారా? పెళ్ళిలో పంక్తి భోజనాలు ఊహించుకోండి. హాలు నిండా జనం, ఎవరు ఎవరో తెలియదు. ఇప్పుడు ఊరికో పంక్తి వేసి, ఏ ఊరివాళ్ళు ఆ పంక్తిలో కూర్చోమన్నారు. పగటి ఆకాశపు వెలుతురులో అన్ని ఊళ్ళవాళ్ళూ ఉంటారు కాబట్టి పంక్తికి నలుగురైదుగురు చొప్పున పలచబడిపోతారు. జ్వాల తరఫు చుట్టాలు మాత్రం మొత్తం మూడు నాలుగు ఊళ్ళవాళ్ళే. ఆ పంక్తులు కిటకిటలాడుతుంటాయి, దూరం నుంచే తెలిసిపోతాయి. స్పెక్ట్రోస్కోప్ చేసే పని ఇదే, రంగుకో పంక్తి వేసి కూర్చోబెట్టడం. గ్రహణం అంటే మిగతా జనాన్ని కాసేపు బయటికి పంపడం. పంక్తులు సరిగ్గా వేస్తే ఎవర్నీ బయటికి పంపక్కర్లేదు.

మర్నాడు, ఆగస్టు 19 పొద్దున్నే, మామూలు ఎండలో, జాన్సెన్ ఆ జ్వాలల గీతలు చూశారు. తర్వాత రెండు వారాలకు పైగా రోజూ చూశారు. అప్పటిదాకా వాటికోసం ఏళ్ళకేళ్ళు గ్రహణాల కోసం ఎదురుచూసి, ఓడలెక్కి దేశాలు పట్టుకు తిరిగేవాళ్ళు. అవి కూడా కొద్ది నిమిషాలే, మబ్బు పడితే అంతే సంగతులు. గుంటూరులో అసలు జరిగింది ఇదీ. నన్నడిగితే ఫార్వర్డ్‌లో చెప్పేదానికన్నా ఇదే పెద్ద విషయం.

మరి హీలియం? మళ్ళీ పెళ్ళికి వద్దాం. పసుపు రంగు వైపు సోడియం ఇంటి అన్నదమ్ములిద్దరు ఎప్పుడూ పక్కపక్క పంక్తుల్లో కూర్చుంటారు. ఆ రెండు గీతల పేర్లు డీ1, డీ2. వెలుగు తరంగం పొడవు ఒకరిది 589.6 నానోమీటర్లు, ఇంకొకరిది 589.0. ఆ గ్రహణంలో అటువైపే ఒక పసుపు గీత కొందరికి కనబడింది. పాగ్సన్ కూడా చూశారు. పసుపు చొక్కా కదా, సోడియం వాళ్ళే అయ్యుంటారులే అనుకున్నారు చాలామంది. కానీ ఇతను కూర్చున్నది 587.6 దగ్గర. అన్నదమ్ముల మధ్య దూరం ఆరు అంగుళాలు అనుకుంటే ఇతను పద్నాలుగు అంగుళాలు అవతల ఉన్నాడు. జాన్సెన్ ప్యారిస్‌కి పంపిన ఉత్తరంలో కొత్త మూలకం ఊసే లేదు.

ఆ తేడా పట్టుకున్నది ఇంగ్లండ్‌లో నార్మన్ లాక్యర్ అనే ఖగోళ శాస్త్రవేత్త. జాన్సెన్ సంగతి తెలియకుండానే, ఆయన కూడా గ్రహణం లేకుండా జ్వాలల గీతలు చూశారు, అక్టోబర్ 20న. పసుపు గీత స్థానం కొలిచి చూస్తే సోడియంతో కుదరలేదు. డీ3 అని పేరొచ్చింది. ఇతను మన చుట్టం కాడు, అసలు భూమ్మీద మనిషే కాడేమో అన్న అనుమానం అక్కడ మొదలైంది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. జాన్సెన్ ఉత్తరం ఓడలో నెమ్మదిగా వెళ్ళింది. ఇద్దరి కబుర్లూ అక్టోబర్ 26న ప్యారిస్ సైన్స్ అకాడమీలో కొద్ది నిమిషాల తేడాతో అందాయి. గొడవలేం పడలేదు, 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి బొమ్మలూ కలిపి ఒకే పతకం వేయించింది. ఆ డీ3 గీత తాలూకు కొత్త మూలకానికి హీలియం అనే పేరు 1871కి బయటికొచ్చింది. లోహం అనుకుని చివర "ఇయమ్" తగిలించారు, అందుకే నియాన్, ఆర్గాన్ లాంటి తోటి వాయువుల మధ్య ఇదొక్కటే పేరులో తేడాగా ఉంటుంది. చాలామంది రసాయన శాస్త్రవేత్తలు నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఉన్న క్లీవైట్ అనే ఖనిజం మీద ఆమ్లం పోసి, వచ్చిన వాయువుని స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తే, ఆ 587.6 పంక్తిలో మనవాడు కూర్చుని ఉన్నాడు. 27 ఏళ్ళ తర్వాత.

బాబాయికి ఈ వీడియో లింకు పంపుతున్నా. ఈసారి ఆ ఫార్వర్డ్ 19న పెట్టమని చెప్తా. ఎలాగూ ఒక రోజు ఆలస్యంగానే పంపుతారు.