గిడుగు, గురజాడ ఫాంట్లు: పేజీ మొత్తానికి పెట్టొచ్చా?

నమస్తే అండీ. ఈరోజు మన ఉత్తరాంధ్ర పేర్లున్న రెండు ఫాంట్లు చూద్దాం. గిడుగు, గురజాడ. గిడుగు వారు పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, గురజాడ వారు కొలువు చేసింది విజయనగరం సంస్థానంలో. రెండు ఫాంట్లూ సిలికానాంధ్ర సంస్థ ఇచ్చినవే, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. సొంత పేజీకి చేత్తో కోడ్ రాసుకునేవాళ్లకి పేరు చూడగానే ముచ్చటేసి, మొత్తం దీంతోనే కానిచ్చేద్దాం అనిపిస్తుంది. వద్దండి. శీర్షిక వరకే పెట్టండి. ఎందుకో చూపిస్తాను.

స్క్రీన్ మీద పొందూరు ఖద్దరు గురించి ఒక పేజీ ఉంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే సంగతి రాసిన పేరాలో "ఖద్దరు కథ" అన్న మాటని బోల్డ్ చేస్తున్నా. జూమ్ చేశాను, "థ" చూడండి. ఇది గిడుగు ఫాంటు, ఇందులో ఉన్నది ఒకటే మందం. అసలు బోల్డ్ లేదు కాబట్టి బ్రౌజరే గీతల్ని లావు చేసేస్తుంది. మన అక్షరాలన్నీ సున్నాలు, సందులు. ద, ధ, థలకి తేడా ఒక చుక్కో, ఒక చిన్న గీతో. ఆ చుక్క చుట్టూ ఉన్న సందు పూడుకుపోతే కథ కాస్తా "కద" అయిపోతోంది. గురజాడలోనూ ఇదే ఇబ్బంది. ఇటాలిక్ ఇంకా ఘోరం, నిలబడ్డ అక్షరాన్ని పక్కకి తోసినట్టుంటుంది. పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్ కోడ్‌లో ఫాంట్-సింథసిస్ నన్ అని పెడితే ఈ రెండూ ఆగిపోతాయి.

పేరాల్లో రాసే అసలు విషయానికి నోటో సాన్స్ తెలుగు వాడండి. 100 నుంచి 900 దాకా మందాలున్నాయి, మనకి మామూలుకి 400, బోల్డ్‌కి 700 చాలు. సైజు 1.2 రెమ్, అంటే బ్రౌజర్‌లో పెట్టుకున్న అక్షరాల సైజుకి 1.2 రెట్లు, మామూలుగా 19 పిక్సెల్స్ పైచిలుకు. పిక్సెల్స్‌లో బిగించేస్తే, చూపు తగ్గినవాళ్లు బ్రౌజర్‌లో అక్షరాల సైజు పెంచుకున్నా మీ పేజీ మీద పనిచేయదు.

ఇక లైన్-హైట్, అంటే ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తు. నన్నడిగితే ఫాంటు కన్నా ఇదే ముఖ్యం. ఇక్కడ 1.2 ఉంది. పై వరుసలో "రాష్ట్రం" కింది వత్తులు, కింది వరుసలో "శ్రీకాకుళం" గుడిదీర్ఘం మీద ఎక్కి కూర్చున్నాయి. ఇంగ్లిష్ పాఠాల్లో చెప్పే 1.5 కూడా మనకి ఇరుకే. 1.75 చేశాను, చూడండి, ఊపిరాడింది. అంకె మాత్రమే రాయండి, పక్కన పిక్సెల్స్ వద్దు. 34 పిక్సెల్స్ అని రాస్తే పెద్ద శీర్షికకీ అదే ఎత్తు వచ్చి, రెండు వరుసల శీర్షిక ఒకదానిమీదొకటి పడుతుంది. శీర్షికకి విడిగా 1.4 ఇవ్వండి. దాని పెట్టెకి ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంటే తీసేయండి, వత్తుల్ని అడుగున కోసేసేది అదే.

వరుస వెడల్పుకి మ్యాక్స్-విడ్త్ 34 ఈఎమ్, అంటే అక్షరం సైజుకి 34 రెట్లు. రెండు అంచులూ సమం చేసే జస్టిఫై వద్దు. మన మాటలు పొడుగు, ఫోన్‌లో వరుసకి మూడే పడతాయి, మధ్యలో గోతులు మిగులుతాయి.

రంగు: #999 బూడిద అక్షరం తెల్లటి మీద అందంగానే ఉంటుంది, కానీ కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ ఉన్న వెలుగు నిష్పత్తి, 3కి కూడా చేరదు. కనీసం 4.5 కావాలి. #333 పెడితే 12 దాటుతుంది.

టైపింగ్‌లో వచ్చే తప్పు ఒకటుంది. "సాఫ్ట్వేర్" అని పడిందా? ఫ కింద ట వత్తుతో పాటు వ వత్తూ వచ్చేసింది. ట్ తరవాత జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే అక్షరాలు కలవకుండా ఆపే కనపడని గుర్తు, పెడితే "సాఫ్ట్‌వేర్" అవుతుంది. కోడ్‌లో అయితే ఆంపర్‌సాండ్, జెడ్ డబ్ల్యూ ఎన్ జె, సెమికోలన్.

హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులో లాంగ్ ఈక్వల్స్ టీ ఈ రాయండి, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తెలుగు గొంతు ఎంచుకునేది దాన్ని చూసే. పేజీని ఫోన్ తెర వెడల్పుకి సర్దమని చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగు మరిచిపోతే మాత్రం పైన చేసిందంతా దండగ. ఫోన్ మీ పేజీని 980 పిక్సెల్స్ వెడల్పు అనుకుని కుదించేస్తుంది, అక్షరాలు చీమల బారు.

మార్కులా? శీర్షికకి గురజాడ, 5కి 4. పేరాకి 5కి 2. గిడుగుకీ అంతే.