భాగహారంలో మాయమయ్యే సున్న

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

735ని 7తో భాగించమంటే నాలుగో తరగతి పిల్లల్లో చాలామంది 15 అని రాస్తారు. ఏడో ఎక్కం గడగడా చెప్పేవాళ్లూ అట్లనే రాస్తారు. "7లో 7 ఒకసారి, 3లో 7 పోదు, 5 దించు, 35లో 7 ఐదుసార్లు." మనం నేర్పిన మాటలే అవి. అందులో 7 అంటే ఏడు వందలని ఎక్కడుంది?

అట్టముక్కలతో వంద నోట్లు ఏడు, పది నోట్లు మూడు చేయించండి. రూపాయిలకు చింతగింజలు చాలు. ఏడుగురిని గుండ్రంగా కూర్చోబెట్టి పంచమనండి. తలా ఒక వంద వస్తుంది. వందల స్థానంలో 1 రాయించండి. మూడు పదులు ఏడుగురికి సరిపోవు, ఒక్కరికీ పది నోటు అందలేదు. సరిగ్గా అప్పుడే పదుల స్థానంలో 0 రాయించాలి, పంపకం అయ్యాక కాదు. తర్వాత ఆ మూడు నోట్లకు చిల్లర తీసుకుంటే 30, ఉన్న 5 కలిపి 35, తలా 5. జవాబు 105. చిల్లర ఇచ్చే పిల్లవాడి దగ్గర 30 గింజలు ముందే లెక్కపెట్టి ఉంచండి, లేకపోతే పాఠం అక్కడే ఆగిపోతుంది.

భాగించే ముందు అంచనా కూడా అడగండి. ఏడు వందలు 700, ఏడు రెండు వందలు 1400. జవాబు 100కీ 200కీ మధ్య ఉండాలి. ఇది తెలిసిన పిల్ల 15 రాసినా తానే చెరిపేస్తుంది.

పంచడం ఒక్కటే భాగహారం కాదు. 45 గునుగుపూలను ఐదుగురికి పంచడం వేరు, బతుకమ్మ కోసం ఐదేసి పూల కట్టలు కట్టడం వేరు. రెండింటికీ జవాబు 9. కానీ మొదటిది ఒక్కొక్కరికి 9 పూలు, రెండోది 9 కట్టలు. ఈ తేడా చేతులతో చేయించకపోతే రాతలెక్కల్లో తడబడతారు.

ఎక్కాలు పూర్తిగా రానివాళ్లను ఆపొద్దు. 192ని 8తో భాగించాలంటే పక్కన చిన్న పట్టీ రాయించండి: 1కి 8, 2కి 16, 4కి 32, 10కి 80. 192లో 80 తీస్తే 112, ఇంకో 80 తీస్తే 32, అది నాలుగుసార్లు. 10, 10, 4 కలిపితే 24. ఒక పిల్ల పదికి బదులు రెండేసిసార్లు తీసినా తప్పు కాదు, వరుసలు పెరుగుతాయంతే. తీసివేతలో పొరపాటు చేస్తే మాత్రం అన్నీ తప్పుతాయి కాబట్టి భాగఫలాన్ని విభాజకంతో గుణించి, శేషం కలిపి సరిచూడడం తప్పనిసరి చేయండి.

ఇక శేషం. 47 మంది పిల్లలు ఖిలా వరంగల్ చూడబోతున్నారు, ఆటోకు ఆరుగురు. అదే 47 రూపాయలు, పెన్ను 6 రూపాయలు. రెండింటికీ భాగఫలం 7, శేషం 5. పెన్నులు ఏడే వస్తాయి, ఆటోలు ఎనిమిది కావాలి. "7, శేషం 5" అని రాసి ఊరుకున్న పిల్లలను, ఆ ఐదుగురూ కోటకు ఎట్లా వస్తారని అడగండి.