కత్తి అదే, పొద్దు మారింది

బామ్మర్ది: నమస్కారం. ఈ ఎపిసోడ్ బెంగళూరులో మా అక్కావాళ్ళింట్లో రికార్డ్ చేస్తున్నాం. మా బావ ఆరేళ్ళుగా మంగలి కత్తితోనే గడ్డం గీసుకుంటారు. ఇప్పుడు సెలూన్లలో సగం బ్లేడు విరిచి పెట్టి వాడుతున్నారే, అది కాదు. సాన పట్టుకుని వాడే అసలు కత్తి. బావా, ఈ మధ్య దాన్ని నెల రోజులు పక్కన పెట్టేశారట?

బావ: పెట్టాల్సి వచ్చింది. జనవరిలో ఇల్లు మారాం, అదే నెలలో నా షిఫ్టూ మారింది. అంతకుముందు పొద్దున ఆరున్నరకి స్నానం, వెంటనే గడ్డం. ఇప్పుడు మధ్యాహ్నం వెళ్తే రాత్రి ఒంటిగంటకి ఇంటికొస్తున్నా. మొదటి వారంలోనే దవడ కింద రెండు చోట్ల తెగింది.

బామ్మర్ది: కత్తి మొద్దుబారి ఉంటుందా?

బావ: నేనూ అలాగే అనుకుని సానరాయి తీశా. రాసి చూస్తే అంచు బాగానే ఉంది. తేడా అంతా గడ్డానికి ముందు చేసే పనుల్లో వచ్చింది. వేడినీళ్ళ స్నానం అయ్యాక గీసుకుంటే వెంట్రుక అప్పటికే నాని మెత్తబడి ఉంటుంది. కొత్త షిఫ్టులో స్నానం పొద్దునే అయిపోతుంది, గడ్డం మాత్రం బయల్దేరేముందు. ముఖం మీద నాలుగు నీళ్ళు చల్లుకుని కత్తి పట్టేవాణ్ణి. ఎండిన వెంట్రుక కత్తికి లొంగదు. చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది.

బామ్మర్ది: నొక్కితే తెగుతుందా?

బావ: తెగుతుంది. ఈ కత్తికి బరువు అక్కర్లేదు. చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో పెట్టి, రెండో చేత్తో చర్మం బిగించి పట్టుకుంటే దాని పని అది చేసుకుంటుంది. పైగా సంక్రాంతికి నెల్లూరు వెళ్ళినప్పుడు వారం రోజులు మామూలు కార్ట్రిడ్జ్ రేజర్ వాడా. అది నొక్కినా ఊరుకుంటుంది. ఆ వారం అలవాటు చేతికి పట్టేసింది.

బామ్మర్ది: గీసుకునే ముందు కత్తి అంచు సరిచేసుకునే ఈ తోలు పట్టీ మీద గాటు కూడా అప్పటిదేనా?

బావ: అప్పటిదే. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇటు చూడు. పట్టీ మీద కత్తిని లాగేటప్పుడు వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. చివరికి వచ్చాక వెన్ను తోలుకి ఆనించే ఉంచి, దాని మీదే దొర్లించి తిప్పాలి. నార పట్టీ మీద ఇరవై సార్లు, తోలు మీద యాభై సార్లు, ఇదీ నా లెక్క. ఆ రోజు ఒక కన్ను ఫోన్ మీద ఉంది, ఆఫీసు మెసేజ్. తిప్పేటప్పుడు వెన్ను లేచి అంచు తోలులో దిగింది. అరంగుళం గాటు. సన్న గరుకు కాగితంతో రుద్ది సాపు చేశా కానీ, ఆ చోటికి వచ్చేసరికి చప్పుడు మారుతుంది. మైకు దగ్గర పెట్టు, విను.

(తోలు మీద కత్తి చప్పుడు)

బామ్మర్ది: అవును, మధ్యలో చిన్నగా టిక్ అంటోంది.

బావ: అంతకుముందు ఒకటే జారుడు.

బామ్మర్ది: మరి ఇల్లు మారడం వల్ల ఏమైంది?

బావ: నీళ్ళు, అద్దం. పాతింట్లో కావేరీ నీళ్ళు వచ్చేవి. ఇక్కడ బోరు, ట్యాంకరు. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బుతో కలిసి తెట్టు కడుతుంది, నురగ నిలవదు. బ్రష్‌తో ఎంత తిప్పినా పైపైన బుడగలే. వాటి మీద కత్తి జారదు. ఇప్పుడు తాగే క్యాన్ నీళ్ళు అరగ్లాసు వేడి చేసుకుంటున్నా, నురగకి అది చాలు. బెంగళూరులో జనవరి నుంచి గాలి పొడిగా ఉంటుంది, ఫ్యాన్ కింద నురగ ఆరిపోతుంది. ఫ్యాన్ కట్టేస్తా.

ఇక అద్దం. ఇక్కడ దాని కుడిపక్కనే గోడ. ఎడమ బుగ్గ గీసేటప్పుడు నా కుడి మోచెయ్యి పైకి లేవాలి, అది గోడకి తగులుతోంది. దాంతో మణికట్టు వంకర తిప్పి గీసేవాణ్ణి. ఆ రెండు గాట్లూ ఎడమవైపే పడ్డాయి. గాట్లకి పటిక రాస్తే ఆగిపోయింది, కానీ కారణం దొరకడానికి వారం పట్టింది. అద్దాన్ని గది మధ్యకి తెచ్చాక ఎడమవైపు మళ్ళీ తెగలేదు.

బామ్మర్ది: ఎవరికైనా ఇలా షిఫ్టో ఇల్లో మారితే ఏం చెయ్యమంటారు?

బావ: మొదటి మూడు రోజులు బుగ్గలు మాత్రమే, వెంట్రుక వాలు దిశలో ఒక్కసారి. గడ్డం కింద, పెదవి పైన మామూలు రేజర్‌తో కానివ్వు. చెయ్యి కుదిరాక గొంతు, ఆఖర్న చుబుకం. టైము చాలకపోతే ఆ రోజు కత్తి తీయొద్దు. అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే.

బామ్మర్ది: నెల రోజులు వాడకపోతే తుప్పు పట్టదా?

బావ: కార్బన్ స్టీలు కదా, పడుతుంది. ఆరబెట్టి, పలచగా నూనె రాసి బీరువాలో పెట్టా. బాత్రూంలో మాత్రం వద్దు.

బామ్మర్ది: ఏప్రిల్‌లో మళ్ళీ పొద్దున షిఫ్టు అంటున్నారుగా?

బావ: అవును, ఆరింటికే క్యాబ్ వస్తుంది. గడ్డం రాత్రి పడుకునే ముందుకి మార్చేస్తున్నా. స్నానం కూడా అప్పుడే. సోమవారం నుంచి, మళ్ళీ బుగ్గలతోనే మొదలు.