సీడర్ అని రాసుంటే సరిపోదు, ఏ సీడరో అడగండి

[గ్యారేజీ. బల్ల మీద ఒకే కొలతలో కోసిన ఐదు చెక్క ముక్కలు, విడిగా ఒక చిన్న తునక. పక్కన ఉలి, భూతద్దం, వంటింటి డిజిటల్ త్రాసు.]

నమస్తే అండీ. నేనుండేది డాలస్ దగ్గర. ఈ వీడియో ఎందుకు చేస్తున్నానంటే, మూడేళ్ల కిందట మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు, పట్టుచీరలు పెట్టుకోవడానికి మంచి సీడర్ పెట్టె చేసిస్తానని గొప్పగా మాటిచ్చాను. సీడర్ పెట్టెలో చీరలకి పురుగు పట్టదట కదా అని. నేరుగా షాపుకెళ్లి, కంచెలకి వాడే చెక్క ఉన్న వరసలో సీడర్ అని రాసుంటే అదే కొనుక్కొచ్చి, రెండు శనాదివారాలు కూర్చుని పెట్టె చేశాను. ఆవిడ చూసి, చేత్తో ఒకసారి నిమిరి, "అల్లుడుగారూ, ఇదేం చెక్కండీ, గోరు గుచ్చితే దిగిపోతోంది" అన్నారు. ఆర్నెల్లకి వాసన కూడా పోయింది.

తప్పు షాపు వాళ్లది కాదు. అది సీడరే. కాకపోతే నాకు కావలసిన సీడర్ కాదు.

[ఐదు ముక్కల మీదుగా కెమెరా.]

ఇక్కడ ఐదున్నాయి. వెస్టర్న్ రెడ్ సీడర్, ఈస్టర్న్ రెడ్ సీడర్, అలాస్కా ఎల్లో సీడర్, ఇన్సెన్స్ సీడర్, స్పానిష్ సీడర్. అన్నిటి పేర్లలోనూ సీడర్ ఉంది, కానీ వృక్షశాస్త్రం ప్రకారం వీటిలో ఒక్కటి కూడా అసలు సీడర్ కాదు. అసలైనది ఇదిగో, ఈ చిన్న తునక. సిమ్లా వెళ్లినప్పుడు ఒక వడ్రంగిని బతిమాలి తెచ్చుకున్నాను. మన దేవదారు! హిమాలయాల దేవదారు, లెబనాన్ జెండా మీదుండే చెట్టు, మొరాకో అల్జీరియాల వైపు పెరిగే అట్లాస్ సీడర్, సైప్రస్ ద్వీపంలో ఇంకొకటి, ఇవీ అసలు సీడర్లు. సైప్రస్ దాన్ని కొందరు లెబనాన్ దానిలోనే కలిపేస్తారు. ఐరోపా వాళ్లు అమెరికాకి వచ్చి, చెక్క కోస్తే ఘుమఘుమలాడిన ప్రతి చెట్టుకీ అదే పేరు పెట్టేశారు. మనం మాత్రం తక్కువ తిన్నామా, చిన్నప్పుడు మా ఊళ్లో ప్యాకింగ్ పెట్టెల చెక్కనంతా దేవదారు చెక్కే అనేవాళ్లు, అందులో సగం పైగా మామూలు పైన్ అయ్యుంటుంది.

సరే, గుర్తుపట్టడం ఎలా? రంగు చూసి మాత్రం మొదలుపెట్టకండి. షాపులో నెలల తరబడి వెలుతురు తగిలిన పలక పైన ఏ సీడరైనా గోధుమరంగులోకే దిగుతుంది. ముందు బరువు చూడండి.

[త్రాసు మీద మొదటి ముక్క.]

ముక్కలన్నీ అడుగు పొడవు, ఐదున్నర అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం. వెస్టర్న్ రెడ్ దాదాపు 300 గ్రాములు. ఇప్పుడు ఈస్టర్న్ రెడ్... దాదాపు 430. రెంటి పేరులోనూ రెడ్ ఉంది, సీడర్ ఉంది, బరువులో మాత్రం మూడోవంతుకి పైగా తేడా. చేతుల్లో చెరొకటి పట్టుకుంటే త్రాసు కూడా అక్కర్లేదు. గట్టిదనంలో తేడా ఇంకా ఎక్కువ. జాంకా పరీక్ష అని ఒకటుంది, అర అంగుళం కన్నా కాస్త చిన్న ఉక్కు గుండుని చెక్కలోకి సగం దాకా దింపడానికి ఎంత బలం కావాలో కొలుస్తారు. వెస్టర్న్ రెడ్‌కి 350 పౌండ్లు, ఈస్టర్న్ రెడ్‌కి 900. మా అత్తగారు గోరుతో చేసిన పరీక్షా అదేనన్నమాట.

[ఉలితో అంచు నుంచి పల్చటి పొర తీస్తూ, దగ్గరగా.]

బరువు చూశాక ఒక పొర తీయండి. షాపులో ఉలి తీస్తే బాగోదు కాబట్టి అక్కడైతే కొత్తగా కోసిన చివర చూడండి. ఇదిగో ఈస్టర్న్ రెడ్, పైన మామూలు గోధుమరంగే, పొర తీయగానే లోపల చూడండి, నేరేడు పండు కొరికినప్పటి రంగు. ఊదా కలిసిన ఎరుపు, మధ్యలో అక్కడక్కడా తెల్లటి చారలు. ఈ చారలు దీని గుర్తు. ముడులు కూడా బాగా ఎక్కువ, ఎందుకంటే ఇది నిజానికి జూనిపర్ అనే వేరే జాతి చెట్టు, పెద్దగా లావెక్కదు, ముడి లేని వెడల్పాటి పలక దొరకడం గగనం. షాపుల్లో అరోమాటిక్ సీడర్ అని అమ్మేది ఇదే. చిమ్మెటలు పట్టకుండా బట్టలు దాచే పెట్టెలకి వాడాల్సింది, నేను వాడనిది కూడా ఇదే. ఇంకో మాట, టెక్సాస్‌లో ఉన్నవాళ్లకి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తుమ్ములు, కళ్లమంట, సీడర్ ఫీవర్ అంటారు కదా, దానికి కారణమైన మౌంటెన్ సీడర్ కూడా జూనిపరే, దీనికి దగ్గరి చుట్టం.

వెస్టర్న్ రెడ్ పొర తీస్తే రంగు నిలకడగా ఉండదు, ఒక పలక తేనెరంగు, ఇంకోటి ఇటుకరంగు, ఒకే పలకలో రెండూ ఉండొచ్చు. బ్రిటిష్ కొలంబియా, వాషింగ్టన్, ఒరెగాన్ తీరాల్లో పెరిగే మహావృక్షం. అక్కడి ఆదివాసులు ఒకే మానుని తొలిచి పడవలు చేసేవాళ్లు, తమ వంశ చిహ్నాల బొమ్మలతో టోటెం స్తంభాలు చెక్కేవాళ్లు. అందుకే దీనిలో పొడవాటి, ముడి లేని పలకలు దొరుకుతాయి. తేలిక, మెలి తిరగదు, తడికి త్వరగా చివకదు. బయట పనికి, కంచెకి, మొక్కల తొట్టెకి దీనికి సాటి లేదు. క్లాసికల్ గిటార్ ముందు పలకకి కూడా వాడతారు. చీరల పెట్టెకి తప్ప అన్నిటికీ బంగారమే.

[ఒక మేకు దిగి ఉన్న వెస్టర్న్ రెడ్ ముక్క, మేకు చుట్టూ నల్లటి మరక.]

ఇది చూడండి. మామూలు ఇనప మేకు కొట్టి, నీళ్లు చల్లి, రాత్రంతా తడిగుడ్డ కప్పి ఉంచాను. తెల్లారేసరికి మేకు చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లగా అయింది. ఈ చెక్కలో టానిన్లు అనే వగరు పదార్థాలుంటాయి, ఇనుము, తడి కలిస్తే ఇదీ ఫలితం. ఊళ్లో కరక్కాయ నీళ్లలో ఇనుము వేసి నల్ల రంగు చేసేది ఇలాగే కదా. కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ మేకులు వాడండి, లేదంటే హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే కరిగిన జింకులో ముంచి పూత పట్టించినవి. ఇంకా ముఖ్యం, దీని పొట్టు పీల్చకండి. ఇందులోని ప్లికాటిక్ ఆసిడ్ వల్ల కొందరికి ఆస్తమా వస్తుంది, రంపపు మిల్లుల్లో పనిచేసేవాళ్లలో ఇది బాగా తెలిసిన జబ్బు. వాసన బావుందని నేను మొదట్లో మాస్క్ లేకుండా సాండర్ పట్టేవాణ్ణి, బుద్ధి తక్కువై.

వాసన సంగతికొద్దాం. ఎల్లో సీడర్ తాజాగా కోసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి బంగాళాదుంప తొక్కు వాసన. నవ్వకండి, ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. రంగు లేత పసుపు, రేఖలు చాలా సన్నం, చిత్రిక పడితే వెన్నలా వస్తుంది. ఇన్సెన్స్ సీడర్ వాసన మీ అందరికీ తెలుసు, స్కూల్లో పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చేది. అమెరికా పెన్సిళ్లకి మొదట ఈస్టర్న్ రెడ్ వాడేవాళ్లు, అది కరువయ్యాక దీనికి మారారు. దీనిలో ఒక్కోసారి పొడవాటి పుచ్చు గుంతలుంటాయి, కొనేటప్పుడు తిరగేసి చూడండి.

[స్పానిష్ సీడర్ చివరి ముఖం మీద నీటి చుక్క, భూతద్దం లోంచి.]

ఇక స్పానిష్ సీడర్. ఇది స్పెయిన్‌దీ కాదు, సీడరూ కాదు, మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా పెరిగే చెట్టు. మహాగని కుటుంబం, అంటే మన వేపచెట్టుకి కూడా బంధువే. దీన్ని గుర్తుపట్టడమే అన్నిటికంటే తేలిక. చివర పదునైన ఉలితో నున్నగా కోసి, ఒక చుక్క నీళ్లు రాసి, భూతద్దంలో చూడండి. సూదితో గుచ్చినట్టు రంధ్రాలు కనిపిస్తున్నాయి కదా? మిగతా నాలుగింటిలో, దేవదారులో కూడా ఇవి ఉండవు, నున్నటి వలయాలే. అవన్నీ సూదాకుల చెట్ల జాతి, వాటిలో ఆ రంధ్రాలే ఉండవు మరి. సిగార్ పెట్టెలకి వాడేది దీన్నే. ఒక్కోసారి బంక కారుతుంది. 2020 ఆగస్టు నుంచి దేశాలు దాటించాలంటే సైటీస్, అంటే ముప్పులో ఉన్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం, దాని పత్రాలుండాలి, కాబట్టి ఎక్కడినుంచి వచ్చిందో అడిగి కొనండి.

కంచె చెక్క కొనేవాళ్లకి ఒక్క జాగ్రత్త. ఈమధ్య టెక్సాస్ షాపుల్లో జపనీస్ సీడర్ పలకలు కూడా వస్తున్నాయి, జపాన్‌లో సుగి అంటారు. చెడ్డదేం కాదు, కానీ చీటీ చదవండి. అలాగే ఏ సీడరైనా చేవ, అంటే మాను మధ్యలోని ముదురు రంగు చెక్క, చూసి కొనండి. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకి పురుగునీ తడినీ తట్టుకునే శక్తి ఉండదు, పేరు ఎంత గొప్పదైనా సరే. పలక అంచు తెల్లగా ఉంటే కంచెలో ముందు పుచ్చేది ఆ అంచే.

[కొత్త పెట్టె, మూత తెరిచి.]

ఇది రెండో పెట్టె, లోపలంతా ఈస్టర్న్ రెడ్. లోపల వార్నిష్ వేయలేదు. వేస్తే వాసన బయటికి రాదు, పైగా చెక్క నూనెకి వార్నిష్ మెత్తబడి జిగురుగా తయారవుతుంది. వాసన తగ్గినప్పుడల్లా సన్న సాండ్‌పేపర్‌తో ఒకసారి రుద్దితే మళ్లీ లేస్తుంది. ఇది చిమ్మెటలన్నిటినీ చంపేస్తుందని మాత్రం నమ్మకండి, మహా అయితే చిన్న పురుగుల మీద కాస్త పనిచేస్తుంది, చీరలు ఉతికి, ఆరబెట్టి, మూత బిగుతుగా పెట్టడమే అసలు కాపలా. చెక్క నూనె పట్టుకి అంటకుండా చీరల్ని పాత నూలు పంచెలో చుట్టి పెట్టాం, ఆ ఐడియా అత్తగారిదే. మొదటి పెట్టె ఇదిగో, తలుపు పక్కన, అందులో ఇప్పుడు పిల్లల బూట్లున్నాయి.