వీధిలో దొరికిన ముసలి పిల్లి: మొదటి గంటలో ఏం చెయ్యాలి, ఆ తర్వాత ఏం చెయ్యాలి

నమస్తే అండి. పిల్లి కూనల్ని ఎలా పెంచాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. ముసలి పిల్లి గురించి అడిగేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. ఒళ్లంతా ఎముకలు తేలి, బొచ్చు ఉండలు కట్టి, సెల్లార్‌లో ఏ కారు కిందో ముడుచుకుని పడుకున్న పిల్లి మీకు కనిపిస్తే ఏం చెయ్యాలో ఈ రోజు చెప్తాను.

ఇదిగో, నా పక్కన గోనెపట్టా మీద కూర్చున్నది మా అపార్ట్‌మెంట్ గండుపిల్లి. వాచ్‌మన్ గారి పిల్లలు పెద్దాయన అని పిలుస్తారు. ఈయన్ని చూపిస్తూనే చెప్తాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. చిక్కిపోయిన పిల్లిని చూడగానే మనకి గాభరా పుడుతుంది. గిన్నె నిండా పాలు పోస్తాం, స్నానం చేయిస్తాం, ఇంట్లో ఉన్న ఏదో మందు రాస్తాం. ముసలి ప్రాణం ఆ హడావిడిని తట్టుకోలేదు. ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి. ఈ వరస మారకూడదు.

అది ముసలిదని ఎలా తెలుస్తుంది? ఆకలితో ఉన్న వయసు పిల్లి కూడా ముసలిదానిలాగే కనిపిస్తుంది కాబట్టి, పళ్లు చూడండి. అరిగిపోయి, కొన్ని ఊడిపోయి, మిగిలినవాటి మీద పసుపుపచ్చగా గార కట్టి ఉంటే వయసు మీద పడ్డట్టే. కంటిపాప లోపల లేత నీలం పొర లాగా కనిపిస్తుంది. పదేళ్లు దాటిన పిల్లిని డాక్టర్లు వృద్ధాప్యంలో ఉన్నట్టు లెక్కేస్తారు. పుట్టినప్పటి నుంచీ వీధిలోనే ఉన్న పిల్లి ఆ వయసు దాకా రావడం అరుదు. అందుకే ఇలాంటిది కనిపిస్తే, ఒకప్పుడు ఎవరింట్లోనో పెరిగిందేమో అని నేను అనుకుంటాను. ఇల్లు మారేటప్పుడు పిల్లిని అక్కడే వదిలేసి వెళ్లడం మన దగ్గర మామూలు విషయం అయిపోయింది. పెంపుడు జంతువును అలా దిక్కులేకుండా వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. తెలిసినవాళ్లకైనా ఈ మాట చెప్పండి.

ఇప్పుడు పట్టుకోవడం. పాత తువ్వాలు, లేదా దళసరి లుంగీ తీసుకోండి. ఎదురుగా వెళ్లొద్దు, పక్క నుంచి నెమ్మదిగా వెళ్లి భుజాల మీదుగా కప్పి, మొత్తం చుట్టి, క్యారియర్ బుట్టలోకి దించండి. బుట్ట లేకపోతే గాలికి చిల్లులు పెట్టిన గట్టి అట్టపెట్టె చాలు. కరిచినా, రక్కినా వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పైపైన కడిగేసి ఊరుకోవద్దు. అదే రోజు వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. హైదరాబాద్‌లో ఉంటే నారాయణగూడలోని ఐపీఎంలో, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి టీకా వేసిన రోజు, అక్కడి నుంచి లెక్కేసి 3, 7, 28 రోజులకి. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లి గీరిందే కదా అంటారు. వినొద్దండి, రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు.

ఇవి కనిపిస్తే మాత్రం ఇంటికి తీసుకెళ్లకుండా నేరుగా డాక్టరు దగ్గరికే: నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, వెనక కాళ్లు ఒక్కసారిగా పడిపోతే, గండుపిల్లి మూత్రానికి కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే. మూత్రం ఆగిపోతే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

ఇంటికి తెచ్చాక ఒక చిన్న గది, లేదా వాడని బాత్రూమ్ ఇవ్వండి. మీకు వేరే పిల్లులుంటే కనీసం రెండు వారాలు కలపొద్దు. పాన్‌ల్యూకోపీనియా అని పిల్లుల ప్రాణం తీసే అంటువ్యాధి ఒకటుంది, దాని వైరస్ నేల మీద ఏడాది దాకా బతికి ఉండగలదు, మీ చెప్పులతో పాటు హాల్లోకి వచ్చేస్తుంది. ఆ గదికి వేరే చెప్పులు పెట్టుకోండి. నేల తుడవడానికి ఫినాయిల్ వాడొద్దు, అది పిల్లికి విషం. ఒక వంతు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు ఉంచి తుడిచి, ఆరాకే పిల్లిని వదలండి.

చెవులు, పాదాలు ముట్టుకుని చూడండి. చల్లగా ఉంటే సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, పెట్టెలో ఒక పక్కన పెట్టండి. ఒకే పక్కన. వేడి ఎక్కువైతే అది జరగడానికి చోటుండాలి. ఒళ్లు చల్లబడిన పిల్లికి పేగులు సరిగా పనిచెయ్యవు, ఆ సమయంలో నోట్లో బలవంతంగా ఏమీ పొయ్యకూడదు. వెచ్చబడి, తల ఎత్తి చూస్తోందంటే అప్పుడు నీళ్ల గిన్నె పెట్టండి.

ఇక తిండి. ఈ విషయం కాస్త శ్రద్ధగా వినండి. చాలా రోజులు పస్తున్న పిల్లికి ఒక్కసారిగా కడుపు నిండా పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం అమాంతం పడిపోతాయి, గుండె దెబ్బతింటుంది. అన్నం దొరికాక చనిపోయింది అని జనం చెప్పుకునేవాటిలో కొన్ని ఇలా పోయినవే. మామూలుగా పిల్లి తినేదాంట్లో నాలుగో వంతుతో మొదలుపెట్టండి. పిల్లుల కోసం అమ్మే మెత్తటి తడి తిండి ప్యాకెట్, అదే వెట్ ఫుడ్ పౌచ్, చిన్నది ఒకటుంటే మొదటి రోజంతా అదే చాలు, ఐదారు సార్లుగా. నాలుగైదు రోజుల్లో నెమ్మదిగా పెంచండి. పౌచ్ లేకపోతే ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ వెయ్యకుండా ఉడికించిన చికెన్ మెత్తగా చిదిమి పెట్టొచ్చు. ముసలి పిల్లికి వాసన సరిగా తెలియదు, అందుకే గోరువెచ్చగా పెట్టాలి. పసిపిల్లల పాలు చూసినట్టు మణికట్టు మీద చూసుకోండి. పాలు వద్దు, ఎదిగిన పిల్లులకు చాలావాటికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. రెండు రోజులు అసలేమీ తినకపోతే ఇంకా చూద్దాం అనుకోకండి, కాలేయంలో కొవ్వు చేరి పాడైపోతుంది.

ఇక్కడ పెద్దాయన్ని చూడండి. గిన్నె పెట్టగానే గబగబా వస్తాడు. వాసన చూస్తాడు. ఒక ముక్క నోట్లోకి తీసుకున్నాడు, చూశారా, తల ఒక పక్కకి వంచేశాడు, ముక్క కింద పడింది, వెనక్కి తగ్గి పంజాతో మూతి రుద్దుకుంటున్నాడు. ఇది తినడానికి ఇష్టం లేకపోవడం కాదు, నోటినొప్పి. పెదవి కొంచెం పైకి ఎత్తితే, ఇదిగో, పన్ను మొదట్లో చిగురు ఎర్రటి గీతలా వాచి ఉంది. దగ్గర నుంచి చూస్తే కుళ్లిన వాసన వస్తుంది. ఇలాంటి పిల్లిని తిండి మీద పేచీ పెడుతుంది అని వదిలేస్తారు. పాడైన పళ్లు తీయించాక మళ్లీ తినే పిల్లులు చాలా ఉంటాయి. పళ్లు లేకపోయినా మెత్తటి తిండి హాయిగా తింటాయి.

ఇంకోటి, పాదం. వేలి మెత్తను ఇలా మెల్లిగా నొక్కితే గోరు బయటికి వస్తుంది. ముసలి పిల్లి గోళ్లు గీసుకోదు, లోపలికి కూడా సరిగా ముడుచుకోవు. దళసరిగా అయిపోయి, కొక్కెంలా వంగి, ఈ గోరు ఎక్కడ ఆగిందో చూడండి, మెత్తలోకి దిగింది, చుట్టూ ఎండిన రక్తం. అడుగు వేసినప్పుడల్లా గుచ్చుకుంటుంది. దిగిపోయిన గోరును ఇంట్లో లాగొద్దు, డాక్టరు కత్తిరించి శుభ్రం చేస్తారు. మిగతా గోళ్లకి గులాబీరంగు భాగం తగలకుండా చివరి మొన మాత్రం మీరే తీసేయొచ్చు.

మందుల సంగతి. పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపేస్తుంది. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. అదే కారణంతో డెట్టాల్ పనికిరాదు. గజ్జికి మన ఇళ్లల్లో కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాస్తారు, పిల్లి దాన్ని నాకుతుంది, కర్పూరం విషం. పుండులో పురుగులు పడితే పశువులకు వాడే టర్పెంటైన్ పొయ్యొద్దు. కుక్కల కోసం అమ్మే పురుగుల మందు చుక్కల్లో పెర్మెథ్రిన్ ఉంటే అది కూడా పిల్లికి ప్రాణాంతకం. మొదటి వారం స్నానం వద్దు. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, తుడిస్తే చాలు. బొచ్చు ఉండల్ని కత్తెరతో కత్తిరించబోతే చర్మం తెగుతుంది, క్లినిక్‌లో ట్రిమ్మర్‌తో తీయించండి.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఇవి అడగండి: రక్త పరీక్ష, కిడ్నీకి క్రియాటినిన్, షుగర్, థైరాయిడ్, మూత్రపరీక్ష, బీపీ, ఇంకా పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే రెండు వైరస్‌లకి చేసే ఎఫ్ఐవీ, ఎఫ్ఈఎల్‌వీ పరీక్షలు. డబ్బుకి ఇబ్బందైతే కిడ్నీ, షుగర్, మూత్రం ముందు చేయించండి. కిడ్నీ జబ్బు ముసలి పిల్లుల్లో చాలా మామూలు. బాగా నీళ్లు తాగి, బాగా మూత్రం పోస్తుంటే అనుమానించాలి. అవసరమైతే చర్మం కింద సెలైన్ ఎక్కించడం డాక్టరే నేర్పిస్తారు, ఇంట్లోనే చేసుకోవచ్చు. ముసలిది, మత్తు తట్టుకోదు అని కొందరు పళ్ల ఆపరేషన్ వద్దంటారు. వయసు ఒక్కటే అడ్డు కాదు. రక్త పరీక్షలు చూసి నిర్ణయించమని అడగండి. నొప్పితో బతకమనడం న్యాయం కాదు కదా.

ఇంట్లో మార్చాల్సినవి ఉన్నాయి. పన్నెండేళ్లు దాటిన పిల్లులకు ఎక్స్‌రేలు తీసిన ఒక అధ్యయనంలో 90 శాతం వాటికి కీళ్ల అరుగుదల కనిపించింది. కుంటదు కాబట్టి మనకి తెలియదు. కుర్చీ ఎక్కడం మానేస్తుంది, మలమూత్రాలకి పెట్టిన ఇసుక ట్రేలో కాకుండా దాని పక్కనే మూత్రం పోస్తుంది. దాన్ని తిట్టకండి, ట్రే అంచు ఎత్తుగా ఉందని అర్థం. ప్లాస్టిక్ టబ్‌కి ఒక వైపు అంచు రెండంగుళాలే ఉండేలా కోసి, మెత్తటి ఇసుక పొయ్యండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ ట్రే వేరేవాళ్లే తియ్యాలి. మన ఇళ్లల్లో టైల్స్ నున్నగా జారిపోతాయి, పిల్లి నడిచే దారి పొడవునా పాత యోగా మ్యాట్ గానీ గోనెపట్టా గానీ పరవండి. రాత్రి పూట పెద్దగా అరుస్తుంటే చెవులు వినపడకపోవడం, చూపు తగ్గడం, బీపీ, థైరాయిడ్, మతిమరుపు, ఏదైనా కావచ్చు. డాక్టరుకి చెప్పండి. ఈలోపు ట్రే దగ్గర ఒక జీరో బల్బు వేసి ఉంచండి.

కోలుకుంది కదా అని మళ్లీ సెల్లార్‌లో వదిలెయ్యకండి. కిడ్నీ జబ్బు, పళ్లు లేని నోరు పెట్టుకుని అది బయట బతకలేదు. మీరు ఉంచుకోలేకపోతే ఇల్లు చూసి పెట్టండి. కొన్ని పిల్లులు మనం ఎంత చేసినా కోలుకోవు. రోజుల తరబడి తినకుండా, లేవకుండా, ట్రే దాకా కూడా వెళ్లలేకుండా ఉంటే, నొప్పి తగ్గే దారి లేదని డాక్టరు చెప్తే, శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ గురించి మాట్లాడటానికి వెనకాడొద్దు. ముందు మత్తు ఇచ్చి ఆ తర్వాతే చెయ్యమని అడగండి. మీరు పక్కనే ఉండండి.

చివరిగా బరువు. సామాన్లు తూచే కొక్కెం త్రాసుకి బుట్టని తగిలించి, వారానికోసారి ఒకే రోజు చూడండి, బుట్ట బరువు తీసెయ్యండి. నాలుగు కిలోల పిల్లి 200 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో ఇరవయ్యో వంతు పోయినట్టు, చిన్న విషయం కాదు. బరువు, తిన్నది, మూత్రం ఎన్నిసార్లు, ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. బాగా తింటున్నా చిక్కిపోతుంటే థైరాయిడ్, షుగర్ మళ్లీ చూడమని ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి.