దిద్దిన పేపరు బీరువాలో పెడితే ఇంగ్లిష్ వస్తుందా?

(కడపలో హైస్కూలు ఇంగ్లిష్ ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులు సారుకు, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలు ఖాళీగా వదిలి వెనక్కెళ్లి కూర్చున్న సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. శాలువాలకూ బొకేలకూ ఇప్పటికే ముప్పావు గంట అయిపోయింది. ఒక్కొక్కరి పేరూ చదివితే ఇంకో పావుగంట పోతుంది కాబట్టి అందరికీ కలిపి ఇదే నమస్కారం అనుకోండి.

నాకిచ్చిన అంశం పదో తరగతి పబ్లిక్ పరీక్షకు ఇంగ్లిష్‌లో పిల్లల్ని సిద్ధం చేయడం. పేపరు సంగతి మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. 2022 నుంచి మనకు 100 మార్కులకు ఒకటే పేపరు. పాసుకు 35. పొద్దున 9.30కి మొదలై 12.45కి అయిపోతుంది. అందులో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి. మిగిలింది 180 నిమిషాలు. చదివి జవాబు రాసే వాటికి 50, గ్రామరు వకాబులరీకి 50, సొంతంగా రాసే వాటికి 65, చివర సరిచూసుకోవడానికి 15. ఈ లెక్క పిల్లలు నోటితో అప్పజెప్తే చాలదు. గోడ గడియారం ఎదురుగా పెట్టి కనీసం రెండుసార్లు పూర్తి పేపరు రాయించాలి. చాలామంది పిల్లలు మొదటి పాసేజీ దగ్గరే గంటంపావు కూర్చుంటారు. ఆఖర్న లెటరుకు పది నిమిషాలు మిగులుతాయి, రెండు వాక్యాలు రాసి కట్టేస్తారు.

అసలు విషయానికొస్తాను. ఏడాది మధ్యలో చిన్న పరీక్షలు ఫార్మేటివ్‌లు పెడుతున్నాం, పెద్ద పరీక్షలు సమ్మేటివ్‌లు పెడుతున్నాం, ప్రీ ఫైనల్, గ్రాండ్ టెస్ట్, అన్నీ పెడుతున్నాం. పేపర్లు దిద్దుతున్నాం. మార్కులు ఎక్కిస్తున్నాం. ఆ తర్వాత ఆ కట్ట ఏమవుతోంది? దారంతో కట్టి బీరువాలో పెడుతున్నాం, తనిఖీకి ఎవరైనా వస్తే చూపించడానికి. పిల్లోడికి తెలిసేది ఒక అంకె మాత్రమే. నూటికి నలభై రెండు. ఏ వాక్యం ఎందుకు తప్పయిందో వాడికి తెలీదు, అదే వాక్యం వచ్చే పరీక్షలో మళ్లీ అట్లే రాస్తాడు, మనం మళ్లీ ఎర్రసిరాతో గీస్తాం. ఎన్నిసార్లు గీస్తామప్పా? దిద్దిన పేరాను వాడి చేతే మళ్లీ రాయించకపోతే ఆ దిద్దిన సమయం మొత్తం దండగ. ఈరోజు ఇంకేం మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

తప్పులు ఎక్కడినుంచి వస్తున్నాయో కాస్త చూద్దాం. పిల్లలకు తెలివి లేక కాదు. వాళ్లు తెలుగులో సరిగ్గానే ఆలోచిస్తున్నారు. 'ఆయన టీచర్' అంటే మనకు పూర్తి వాక్యం, అందులో క్రియ అక్కర్లేదు. అందుకే 'హి టీచర్' అని రాస్తాడు. 'ఎక్కడికి పోయాడు' అనే ప్రశ్నలో మాటల వరస మారదు. అందుకే 'వేర్ రవి వెంట్' అంటాడు. తెలుగులో ఆర్టికల్స్ లేవు, కాబట్టి 'ఎ' గానీ 'ద' గానీ లేకపోతే వాడి చెవికి ఏ వెలితీ తోచదు. 'డిడ్ నాట్ వెంట్' దగ్గర కథ వేరే. జరిగిపోయిన పని కదా అని రెండు చోట్లా పాస్ట్ టెన్స్ పెడతాడు. అది అజాగ్రత్త కాదు, అతి జాగ్రత్త.

ఇట్లాంటి తప్పులు దిద్దడం నాలుగు వారాల పని. మొదటి వారం మొత్తం ఒకటే చూడండి, ప్రతి వాక్యంలో వెర్బు ఉందా లేదా. ఆ వారం స్పెల్లింగు తప్పున్నా వదిలేయండి. రెండో వారం 'డిడ్' పక్కన మొదటి రూపం. మూడో వారం ఆర్టికల్స్. నాలుగో వారం కాలానికి, చోటుకు వచ్చే ప్రిపొజిషన్లు. అన్ని తప్పులూ ఒకేసారి దిద్దితే పేజీ అంతా ఎర్రబడుతుంది, పిల్లోడు చూసి మూసేస్తాడు.

వెనక నుంచి ఒక సారు నవ్వుతున్నారు. 'నలభై మంది పుస్తకాలు రోజూ ఎవడు దిద్దుతాడు' అని కదా సార్? న్యాయమే. ఒక్కో పేరాకు మూడు నిమిషాలనుకున్నా 120 నిమిషాలు. ఎవరివల్లా కాదు. కాబట్టి రోజుకు పదే పుస్తకాలు తీసుకోండి, అరగంట. నాలుగు రోజులకు క్లాసు మొత్తం ఒక చుట్టు తిరుగుతుంది. తప్పును మీరు సరిచేసి రాయకండి. మార్జిన్లో గుర్తు మాత్రం వేయండి. వెర్బు తప్పయితే 'వీ', టెన్సుకు 'టీ', ఆర్టికల్‌కు 'ఏ', ప్రిపొజిషన్‌కు 'పీ', స్పెల్లింగుకు 'ఎస్‌పీ'. తప్పు ఆ లైన్లో ఎక్కడుందో వాడే వెతుక్కోవాలి. మరుసటి రోజు క్లాసు మొదట్లో పది నిమిషాలు ఆ పేరా సాపు రాయించండి. నోటుబుక్కు చివరి రెండు పేజీల్లో మూడు గడులు గీయించండి, నేను రాసింది, సరైంది, ఎందుకు. మూడో గడి తెలుగులోనే రాసుకోనివ్వండి, దానివల్ల కొంపలేం మునిగిపోవు. పరీక్ష ముందు రోజు రాత్రి వాడు చూడాల్సింది గైడు కాదు, ఆ రెండు పేజీలు.

ఆ గైడు మాట అననే అన్నాను కాబట్టి చెప్తాను. రెడీమేడ్ పేరా అని ఒకటుంది. బార్ డయాగ్రమ్ వచ్చినా, పై చార్ట్ వచ్చినా, టేబుల్ వచ్చినా అదే. 'ద గివెన్ డయాగ్రమ్ ఈజ్ అబౌట్' అని, పక్కన ఒక డాష్. తర్వాత 'ఇట్ ఈజ్ వెరీ యూజ్‌ఫుల్ టు అస్'. పిల్లోడు దాన్ని బట్టీ పట్టి, కంగారులో ఆ డాష్‌ను కూడా డాష్‌గానే దించుతాడు. బొమ్మలో ఉన్న ఒక్క అంకె కూడా జవాబులో ఉండదు. దిద్దేవాళ్లు ఏం చూసి మార్కులేస్తారు? లెటరైనా ఇంతే. లీవ్ లెటర్ బట్టీ పట్టినోడు, కలెక్టరు గారికి తాగునీళ్ల గురించి రాయమన్నా జ్వరమొచ్చిందనే రాస్తాడు.

బొమ్మ చూసి రాసేది ఎట్లా నేర్పాలో ఒకటి చూపిస్తాను. లెక్కలు నేను కల్పించుకున్నవే. ఒక బడిలో పిల్లలు నూటికి 40 మంది బస్సులో వస్తారు, 25 మంది సైకిల్ మీద, 20 మంది నడిచి, 15 మంది ఆటోలో. మామూలుగా రాసేది ఏమిటంటే, 'ఫార్టీ పర్సెంట్ కమ్ బై బస్, ట్వెంటీ ఫైవ్ పర్సెంట్ కమ్ బై సైకిల్, ట్వెంటీ పర్సెంట్ కమ్ బై వాక్'. గడుల్లో ఉన్నది వరసగా చదివినట్టుంటుంది. పైగా ఆ 'బై వాక్' మన జిల్లాలన్నిటికీ ఉమ్మడి ఆస్తి. అది 'ఆన్ ఫుట్'.

మొదటి వాక్యంలో బొమ్మ దేని గురించో, అంకెలు శాతాలో మనుషుల సంఖ్యో చెప్పాలి. రెండో వాక్యం అన్నిటికంటే పెద్దది, 'ద బస్ ఈజ్ యూజ్డ్ బై ద లార్జెస్ట్ నంబర్, 40 పర్సెంట్'. మూడోది అన్నిటికంటే చిన్నది. నాలుగోది పోలిక, మార్కు తెచ్చేది ఇదే, 'ట్వైస్ యాజ్ మెనీ స్టూడెంట్స్ కమ్ బై బస్ యాజ్ ఆన్ ఫుట్'. 40, 20, రెట్టింపు. ఈ పోలిక పిల్లోడు తనంతట తనే కనిపెట్టాలి, మనం చెప్పకూడదు. ఐదోది మొత్తం మీద కనిపించేది, నూటికి 65 మంది బస్సు మీదా సైకిల్ మీదా వస్తున్నారని. అంతటితో ఆపాలి. 'బస్సు ఆరోగ్యానికి మంచిది కాదు' లాంటి సొంత అభిప్రాయం అక్కడ అనవసరం. పాత సంవత్సరాల లెక్కలైతే పాస్ట్ టెన్స్. ఫ్లో చార్టయితే పద్ధతి మారుతుంది, ఫస్ట్, నెక్స్ట్, ఆఫ్టర్ దట్, ఫైనల్లీ, పాసివ్ వాయిస్. గ్రామరు భాగంలో నేర్పిన పాసివ్ ఇక్కడ పనికొస్తుందని చెప్తే పిల్లలు ఆశ్చర్యపోతారు, ఎందుకంటే వాళ్లకు గ్రామరు వేరే, రాయడం వేరే అని మనమే నేర్పాం.

బయోగ్రాఫికల్ స్కెచ్‌కు, అంటే హింట్లు చూసి ఒకరి జీవితం గురించి రాసేదానికి, మన ఊరి మనిషినే తీసుకోండి. తెలుగు సాహిత్యానికి సేవ చేసిన ఇంగ్లిష్ దొర సి.పి.బ్రౌన్. 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టాడు, 1820లో కడపకొచ్చాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు, 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు, 1884 డిసెంబర్ 12న కన్నుమూశాడు. ఇవి హింట్లుగా ఇస్తే పిల్లోడు 'బ్రౌన్ బార్న్ ఆన్ 1798' అంటాడు. రెండు తప్పులు. 'వాజ్' పోయింది, సంవత్సరానికి 'ఆన్' పెట్టాడు. తేదీకి 'ఆన్', సంవత్సరానికీ ఊరికీ 'ఇన్'. తర్వాత రెండు హింట్లను ఒకే వాక్యంలో కలపమనండి, 'బ్రౌన్, హూ కేమ్ టు కడప ఇన్ 1820, పబ్లిష్డ్ ద వర్సెస్ ఆఫ్ వేమన ఇన్ 1829'. రిలేటివ్ ప్రొనౌన్ వచ్చేసింది, ప్రత్యేకంగా పాఠం చెప్పక్కర్లేదు.

ఆ బ్రౌన్ ఇదే ఊళ్లో బంగళాలో పండితుల్ని పెట్టుకుని సొంత డబ్బుతో ఏం చేయించాడు? తాటాకు ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, తప్పులు దిద్దించి, సాపు ప్రతి రాయించాడు. దిద్దించి ఊరుకోలేదు, సాపు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో పరిశోధన కేంద్రం ఉంది. మీలో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి ఆ సాపు ప్రతుల సంగతి చెప్పినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఊఁ, సరే, దించండి.

గ్రామరులో ఒక్కటి చెప్పి ముగిస్తాను, ప్రశ్నలు తయారు చేయడం. 'రవి వెంట్ టు ప్రొద్దుటూర్ యెస్టర్‌డే' అని ఇచ్చి, 'టు ప్రొద్దుటూర్' కింద గీత గీస్తారు. గీత ఉన్న ముక్క కొట్టేయాలి. దాని స్థానానికి తగిన ప్రశ్నపదం ముందుకు తేవాలి, 'వేర్'. వాక్యంలో సహాయక క్రియ ఉంటే దాన్ని రవికి ముందు పెట్టాలి. లేదు కాబట్టి 'వెంట్' లోంచి 'డిడ్' బయటికి తీయాలి, తీశాక మిగిలేది 'గో'. 'వేర్ డిడ్ రవి గో యెస్టర్‌డే'. చివర ప్రశ్నార్థకం. పిల్లలు తప్పేది రెండు చోట్ల, 'డిడ్' తీశాక కూడా 'వెంట్' ఉంచేస్తారు, లేదా కొట్టేయాల్సిన 'టు'ను అక్కడే వదిలేస్తారు.

లెటరు గురించి ఒక హెచ్చరిక. ఫ్రమ్ అడ్రస్ దగ్గర, సంతకం దగ్గర పిల్లలు సొంత పేరూ బడి పేరూ రాయకూడదు. జవాబు పుస్తకం ఎవరిదో దిద్దేవాళ్లకు తెలియకూడదు. ప్రశ్నలో ఇచ్చిన పేరే వాడాలి, ఇవ్వకపోతే ఎక్స్ వై జెడ్. డైరీకి తేదీ, వారం, సమయం, 'ఐ'తో పాస్ట్ టెన్స్. సంభాషణలో ఇద్దరూ కనీసం ఐదేసి సార్లు మాట్లాడాలి. పాసేజీ జవాబు పాసేజీలోంచి మూడు లైన్లు ఎత్తి రాస్తే కాదు, 'ఐ' అని ఉన్నచోట 'హి' అనో 'షి' అనో మార్చి ఒక్క వాక్యంలో చెప్పాలి. ప్రశ్న నంబరు పేపర్లో ఉన్నట్టే వేయాలి. ఇవి మీకు నాకంటే బాగా తెలుసు.

టీ వస్తోందంటున్నారు. వచ్చేలోపు అందరూ ఒక కాగితం తీయండి. హెచ్‌ఎమ్ సార్లు కూడా. ఇందాకటి బస్సు, సైకిల్ లెక్కలకు ఐదు వాక్యాలు రాయండి, ఏడు నిమిషాలు. రాశాక పక్కనున్న మేడమ్‌కో సారుకో ఇవ్వండి. వాళ్లు మార్జిన్లో గుర్తులు వేస్తారు. మార్కులు వద్దు. కాగితం మీ చేతికి తిరిగొచ్చాక, టీ తాగేముందు, సాపు రాయండి.